పసుపుకి పెళ్లి లేదు, పాముకి మగడు లేడు!

పసుపు లేకుండా తెలుగింట పెళ్లి జరగదు. ఆ పసుపుకి మాత్రం పెళ్లి యోగం లేదని మీకు తెలుసా? మామూలు మొక్కల్లో క్రోమోజోములు జతలు జతలుగా ఉంటే, పసుపులో మూడేసి చొప్పున ఉంటాయి. మూడింటిని చెరి సగం పంచడం ఎవరి తరం? అందుకే పువ్వు పూస్తుంది గానీ గింజ కట్టడం మహా అరుదు. దుగ్గిరాల యార్డుకొచ్చినా, నిజామాబాద్ యార్డుకొచ్చినా అదంతా కొమ్ము పాతితే కొమ్ము ఊరిన సరుకే. అందరి పెళ్లిళ్లలోనూ ముందు తనే, తన పెళ్లి మాత్రం జరగదు!

పోనీ కుంకుమపువ్వు? అదీ అంతే! కాశ్మీరులో పూసినా, ఇరాన్‌లో పూసినా మూడేసి క్రోమోజోముల బాపతే. గింజ కట్టదు, దుంపతోనే బతుకు. గర్భిణులకి పాలలో వేసి మరీ ఇస్తాం. దానికి మాత్రం కాన్పు లేదు!

మరి మిగతా లోకానికి ఈ పెళ్లి గోల దేనికి? తోడు వెతుక్కోవాలి, పురి విప్పాలి, కొమ్ములతో కుమ్ముకోవాలి. దుంపలా గుట్టుగా పిలకలు వేసుకుంటూ పోతే పోలా? చిన్న ప్రశ్న అనుకునేరు! 1862లో డార్విన్ అంతటివాడు దీని మర్మం తనకి బొత్తిగా తెలియదని చేతులెత్తేశాడు. 1982లో గ్రాహం బెల్ అనే శాస్త్రవేత్త పరిణామ శాస్త్రంలోని చిక్కుముడులన్నిటికీ ఇదే మహారాణి అని కిరీటం పెట్టేశాడు.

కోడిపుంజు ఎంత ఖరీదో మీకు తెలుసా? సంక్రాంతి బరిలో ధర కాదండీ, లెక్కల్లో ధర. ఒక పెట్ట పుంజుతో జతకట్టి రెండు పిల్లల్ని మిగిల్చింది: ఒకటి పెట్ట, ఒకటి పుంజు. ఇంకో పెట్టకి పుంజే అక్కర్లేదనుకోండి, దాని పిల్లలు రెండూ పెట్టలే. ఇలాగే పది తరాలు నడవనివ్వండి. మొదటి ఇంట్లో ఇంకా ఒకే ఒక్క పెట్ట. రెండో ఇంట్లో 1,024! గుడ్డు పెట్టని వాడికి మేత దండగ మరి.

ఈ లెక్క తేల్చినవాడు మొదట్లో విమానాల ఇంజినీరని మీకు తెలుసా? జాన్ మేనార్డ్ స్మిత్. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల లెక్కలు కట్టి, యుద్ధం అయ్యాక మళ్లీ కాలేజీలో చేరి జంతుశాస్త్రం చదివాడు. 1970ల్లో మగవాడి ఖర్చు 'రెండింతలు' అని తేల్చాడు. విమానం ఎలా ఎగురుతుందో తెలిసిన మనిషికి, పుంజు ఎలా మిగిలిందో అంతుబట్టలేదు!

ఇంత ఖర్చని తెలిసీ మానుకున్నవాళ్లెందరు? జంతు జాతుల్లో వెయ్యికి ఒకటి! మిగతా 999 జాతులూ ఆడా మగా పద్ధతే పట్టుకు వేలాడుతున్నాయి. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే.

ఇప్పుడు ఆ వెయ్యిలో ఒకరి ఇంటికి వెళ్దాం. దూరం కాదు, మీ పూలకుండీలోకే. మొన్న మా బాల్కనీలో మందారం కుండీ మారుస్తుంటే వేళ్ల మట్టిలోంచి నల్లగా, నున్నగా ఒకటి జారింది. వానపామనుకుని అరచేతిలోకి తీసుకున్నాను. బాల్‌పెన్ రీఫిలంత లావు, జానెడు కూడా లేదు. తల ఏదో తోక ఏదో తెలియదు. ఒళ్లంతా మెరిసే పొలుసులు. తోక చివరి ముల్లుతో వేళ్ల సందున చిన్నగా పొడిచింది. "అమ్మగారూ, రెండు తలల పాము!" అని పనమ్మాయి గుమ్మం దాటేసింది. పాపం, దానికి విషమూ లేదు, సరిగ్గా చూపూ లేదు. చీమల గుడ్లు, చెదల పిల్లలు దాని భోజనం.

ఆ పాముల జాతిలో మగదన్నదే లేదని మీకు తెలుసా? అన్నీ ఆడవే! గుడ్లు పెడతాయి, అందులోంచి అచ్చు తల్లి లాంటి కూతుళ్లే వస్తాయి. పూర్తిగా ఆడవాళ్లతోనే నడుస్తున్న పాము జాతి ప్రపంచం మొత్తంలో ఇదొక్కటేనని ఇప్పటిదాకా లెక్క. దీని క్రోమోజోములు కూడా మూడేసి చొప్పునే. పసుపుకి పాము చుట్టం, ఎవరనుకున్నారు!

ఇంకా వినండి. శాస్త్ర ప్రపంచానికి ఈ పాము తెలుగు పేరుతోనే పరిచయమైందని మీకు తెలుసా? ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు మన కోస్తాలో పాములు పట్టించి, బొమ్మలు వేయించి, 1796లో పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. విశాఖపట్నంలో దొరికిన ఈ బుల్లి పాము బొమ్మ పక్కన జనం చెప్పిన పేరే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు: 'రెండు తలల పాము'. అక్షరాలు వంకర పోయాయి గానీ పేరు మనదే! ఆ బొమ్మని ఆధారం చేసుకుని ఫ్రాన్స్‌లో దోదాన్ 1803లో శాస్త్రీయ నామం పెట్టాడు. మన రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఈ రస్సెల్‌దే.

మరి ఈ విశాఖ ఆడపడుచు ఎంత దూరం వెళ్లిందంటారా? ఫ్లోరిడా, హవాయి, ఆఫ్రికా, ఆస్ట్రేలియా! కుండీ మట్టిలో దాక్కుని ఓడలెక్కేసింది. జంటగా వెళ్లక్కర్లేదు కదా, ఒక్కతి దిగితే చాలు, ఊరు వెలిసినట్టే. వీసా లేదు, పెళ్లి సంబంధం లేదు, అయినా అమెరికాలో స్థిరపడింది!

(ఇప్పుడు 'రెండు తలల పాము' పేరుతో లక్షలకి బేరం పెట్టి జనాన్ని ముంచే ముఠాల పాము వేరు. అది లావుపాటి ఇసుక పాము. దానికీ తల ఒక్కటే. రెండో తల కొన్నవాడికి ఉండాల్సింది.)

మీ చిక్కుడు పాదు మీద నల్లగా పేరుకునే పేనుబంక పుట్టడమే గర్భంతో పుడుతుందని మీకు తెలుసా? తల్లి కడుపులో కూతురు, ఆ కూతురి కడుపులో అప్పుడే మనవరాలు! భూతద్దంతో ఆకు అడుగు చూడండి. తల్లి వెనక నుంచి పిల్ల వెనక భాగం ముందుగా బయటికి వస్తుంది, దిగీ దిగగానే ఆకులోకి మూతి గుచ్చేస్తుంది. పక్కన చీమలు కాపలా. బాలింత మాటే లేదు!

ఈ గుట్టు రట్టు చేసినవాడి వయసు 20 ఏళ్లే. 1740లో జెనీవాలో షార్ల్ బొనే అప్పుడే పుట్టిన ఒక పేనుబంక పిల్లని వేరు చేసి, మగ నీడ పడకుండా రాత్రీ పగలూ కాపలా కాశాడు. అది 21 రోజుల్లో 95 మందిని కంది! పుట్టిన ప్రతి బిడ్డనీ తేదీ వేసి రాసుకున్నాడు. ఆ కాపలా మన సినిమాల్లో హీరోయిన్ తండ్రులు కూడా కాయలేదు.

చలి దేశాల్లో పేనుబంకకి శీతాకాలం ముందు మాత్రం మగవాళ్లు పుడతారు. జంటకట్టి, చలికి తట్టుకునే గుడ్లు పెట్టి పోతారు. మన వేడి సీమల్లో ఆ అవసరమే పడక చాలా మటుకు ఏడాది పొడుగునా ఆడ పాలనే. చలేస్తేనే పెళ్లి!

జంతుప్రదర్శనశాలల్లో జరిగే చోద్యాలు మీకు తెలుసా? 2006లో ఇంగ్లండ్‌లో ఫ్లోరా అనే కొమోడో డ్రాగన్ మగతోడు లేకుండానే గుడ్లు పెట్టింది. పిల్లలన్నీ మగవే. 2018లో కోస్టారికాలో 16 ఏళ్లు ఒంటరిగా ఉన్న మొసలి 14 గుడ్లు పెట్టింది, ఒక దాంట్లో పూర్తిగా ఎదిగిన పిల్ల ఉంది గానీ బతకలేదు. అన్నిటికంటే ఘోరం కాలిఫోర్నియా రాబందులది. ఇద్దరు తల్లులు తండ్రి ప్రమేయం లేకుండా చెరో కొడుకుని కన్నారని 2021లో జన్యుపరీక్షలో తేలింది. ఆ ఇద్దరి పక్కనా అప్పటికే మంచి మొగుళ్లున్నారు! వాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం 2003లో ఎంచుకున్న అధికారిక సరీసృపం ఏమిటో మీకు తెలుసా? మగది లేని బల్లి! అయితే మగది లేకపోయినా పెళ్లి నాటకం మానలేదు. ఈ తెగ బల్లుల్లో ఒక ఆడబల్లి మగవేషం కట్టి ఇంకో ఆడబల్లి వీపెక్కుతుంది. ఆ నాటకం జరిగితేనే గుడ్లు ఎక్కువ. తర్వాత వేషాలు మారతాయి. మన సురభి వాళ్లు చూడాల్సిన ప్రదర్శన.

'అమెజాన్ మోలీ' అనే చేప అమెజాన్ నదిలో ఉండదని మీకు తెలుసా? దాని ఊరు టెక్సస్, మెక్సికో. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు! గ్రీకు కథల్లోని ఆడ యోధుల పేరది. 1932లో లోకానికి తెలిసిన ఈ చేపల్లో అందరూ ఆడవాళ్లే, అయినా గుడ్డు కదలాలంటే వేరే జాతి మగచేప వీర్యం తగలాలి. తగిలాక? అతని జన్యువులు దాదాపు ఒక్కటీ ఉంచుకోదు! పిలిచి, భోజనం పెట్టకుండా పంపేసినట్టు.

అబ్బాయిల తరఫున కూడా ఒకటి చెప్పకపోతే బాగుండదు. అల్జీరియా ఎడారిలో రెండొందల పైచిలుకు చెట్లు మాత్రమే మిగిలిన సైప్రస్ చెట్టు ఉంది. దాని గింజలోని పిండంలో తల్లి జన్యువుల వాటా సున్నా! పుప్పొడి నుంచే బిడ్డ తయారవుతుంది, తల్లిది అద్దె గర్భం. ఊరికే తొమ్మిది నెలలు మోసినట్టు.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎవరి జిరాక్స్ వాళ్లు తీసుకునే కాపురం చూశారా? బుల్లి నిప్పుచీమలు! కొన్ని పుట్టల్లో రాణులంతా తల్లి నకళ్లు, మగ చీమలంతా తండ్రి నకళ్లు. చాకిరీ చేసే చీమలు మాత్రమే ఇద్దరి బిడ్డలు. 2005లో ఈ సంగతి బయటపడింది. ఆస్తి వేరు, అప్పు మాత్రం ఉమ్మడి.

తేనెటీగల్లో మగవాడికి నాన్న ఉండడు, తాత ఉంటాడని మీకు తెలుసా? ఫలదీకరణం కాని గుడ్డు మగ ఈగ అవుతుంది, అయిన గుడ్డు ఆడ ఈగ. కాబట్టి వాడికి అమ్మ ఉంది, అమ్మకి నాన్న ఉన్నాడు. స్కూలు అప్లికేషన్‌లో తండ్రి పేరు గడి ఖాళీ!

మరి మనం? పాలిచ్చే జంతువుల్లో ఇప్పటిదాకా సహజంగా నాన్న లేని బిడ్డ లేదు. కొన్ని జన్యువుల మీద అమ్మ ముద్ర, కొన్నిటి మీద నాన్న ముద్ర ఉంటాయి, రెండూ పడితేనే గర్భం నిలుస్తుంది. 2004లో టోక్యోలో తోమొహిరో కోనో బృందం ఒక ముద్రని మోసం చేసి ఇద్దరు తల్లుల ఎలుకపిల్లని పుట్టించింది. 450కి పైగా గుడ్లతో కుస్తీ పడితే పెరిగి పెద్దదైంది ఒక్కటి. పేరు కగుయా, వెదురు బొంగులో దొరికిన రాకుమారి పేరు. నాన్నలూ, ప్రస్తుతానికి మీ ఉద్యోగం పదిలం.

ఆడ, మగ అని రెండే ఎందుకుండాలి? టెట్రాహైమెనా అనే ఏకకణ జీవికి ఏడు రకాలు! అది చాలదన్నట్టు ఎండు దుంగల మీద విసనకర్రలా మొలిచే ఒక పుట్టగొడుగుకి 23,000కి పైగా రకాలు. మణిపూర్‌లో దాన్ని ఇష్టంగా వండుకు తింటారు. దాని పెళ్లిళ్ల పేరయ్య దగ్గర ఎన్ని బీరువాలుండాలో!

లోకంలో మొట్టమొదటి 'పెద్దమనిషి' ఎవరో మీకు తెలుసా? కెనడా ఉత్తర కొసన మంచు ద్వీపంలో దొరికిన ఎర్ర నాచు శిలాజం. వయసు సుమారు 105 కోట్ల ఏళ్లు. ఆడా మగా తేడా కనబడుతున్న అతిపాత జీవి ఇదే. 2000లో దీనికి పేరు పెట్టిన బటర్‌ఫీల్డ్, యవ్వనంలోకి అడుగుపెట్టిందని చమత్కారంగా 'ప్యూబెసెన్స్' అని తగిలించాడు. పేరంటానికి వెళ్లడానికి 105 కోట్ల ఏళ్లు ఆలస్యమైపోయాం.

సరే, ఇంత తంటా పడి ఏం సాధిస్తున్నట్టు? ఒక లెక్క. మీలో 23 జతల క్రోమోజోములు. పేకలా కలిపి పంచితే ఒక్కరి నుంచే 83,88,608 రకాల పంపకాలు. భార్యాభర్తల పేకలు రెండూ కలిపితే 70 లక్షల కోట్ల పైచిలుకు! జత ముక్కలు మధ్యలో తెగి అతుక్కోవడం ఇంకా లెక్కేయలేదు. "ఒక్క కడుపున పుట్టిన వాళ్లు ఒక్కలా ఉండరేమే?" అని ముక్కున వేలేసుకునే బామ్మలకి ఈ అంకె చెప్పండి.

పేక కలపకపోతే ఏమవుతుంది? అరటిపండు అడ్డంగా కోసి చూడండి, మధ్యలో నల్లటి చుక్కలు. అవి గింజలు కాలేకపోయిన గింజలు. పండు కోసం మనమే అరటికి సంతానం మాన్పించేశాం. తోటంతా పిలకలే, అంటే తోటంతా ఒకే మొక్క! 20వ శతాబ్దపు తొలి సగంలో అమెరికా, ఐరోపా బజార్లని ఏలిన గ్రో మిషెల్ అరటిని పనామా తెగులు పట్టుకుంటే ఏ తోటలోనూ తట్టుకునే మొక్క లేకపోయింది. 1960లకి వ్యాపారంలోంచే మాయం. మన గోదావరి జిల్లాల అమృతపాణికి కూడా అదే తెగులు గండం. ఘుమఘుమలాడే పండు రావులపాలెంలో అరుదైపోయిందని పెద్దవాళ్లు నిట్టూరుస్తారే, కారణాల్లో అదొకటి.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపకీ ఇదే గతి. పేదల పొలాల్లో ఎక్కువగా 'లంపర్' అనే ఒకే రకం, అదీ దుంప ముక్కలు నాటిందే. ఆకుమాడు తెగులు వచ్చింది. కొన్నేళ్లలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, 10 లక్షల మందికి పైగా దేశం విడిచారు. దీనికి జోకు లేదు.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని మీకు తెలుసా? అంటు కడితేనే వస్తుంది. అంటే 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పళ్లన్నీ ఒకే ఒక్క తల్లిచెట్టు కొమ్మకి కొమ్మకి కొమ్మ! టెంక మాత్రం ఆడా మగా కలిసిన బిడ్డ. పీచు రావచ్చు, పులుపు రావచ్చు, ఎప్పుడో ఒకసారి బంగినపల్లిని తలదన్నేదీ రావచ్చు. మా పెరట్లో ఒకటి వచ్చింది. ఆవకాయకి తప్ప దేనికీ పనికిరాదు!

అమెరికాలో యూటా రాష్ట్రంలో 106 ఎకరాల అడవి ఒకే ఒక్క చెట్టు అని మీకు తెలుసా? సుమారు 47,000 మానులు, అన్నిటికీ వేరు ఒక్కటే, బరువు 6,000 టన్నుల లెక్కలో. పేరు పాండో. పైగా అది మగది! అడంగల్‌లో పట్టాదారు పేరు ఒక్కటే.

ఇక జవాబుకి దగ్గరవుతున్నాం. గట్టిగా పట్టుకోండి. శత్రువు పులీ కాదు, సింహమూ కాదు, పురుగు! ఒంట్లో చేరి తినే పరాన్నజీవులు మన తాళానికి దొంగ తాళంచెవి చేయించుకునేలోపు, పిల్లలకి కొత్త తాళం బిగించి పంపాలి. నకళ్లు తీసే తల్లి అందరికీ పాత తాళమే ఇస్తుంది. ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంటాం, ఆగితే పోతాం. మనమైతే గానుగెద్దు సిద్ధాంతం అనేవాళ్లం. శాస్త్రవేత్తలు 1871 నాటి ఆలిస్ కథలో పరుగులు పెట్టించే ఎర్రరాణి పేరు పెట్టారు.

ఆ పేరు తెచ్చిన వ్యాసాన్ని పత్రికలు తిప్పికొట్టాయని మీకు తెలుసా? అది రాసిన శాస్త్రవేత్త లీ వాన్ వేలెన్ ఊరుకున్నాడా? 1973లో సొంతంగా పత్రిక పెట్టి, మొదటి సంపుటంలోనే వేసేసుకున్నాడు. పైగా తన అర్జీలని క్రమం తప్పకుండా తిరస్కరించిన నిధుల సంస్థకి అందులోనే ధన్యవాదాలు చెప్పాడు! మన కవులు ఇది నేర్చుకోవాలి.

అసలు ఈ పరాన్నజీవుల ఆలోచనకి మూలపురుషుడి దేహం మన కాకినాడ చేరిందని మీకు తెలుసా? జె.బి.ఎస్. హాల్డేన్! జీవుల్లో ఇన్ని తేడాలు నిలబడటానికి రోగాలే కారణం కావచ్చని 1949లోనే రాశాడు. మన విమానాల ఇంజినీరు మేనార్డ్ స్మిత్‌కి గురువు. 1957లో ఇంగ్లండ్ వదిలి ఇండియా వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు, తెల్ల లాల్చీ పైజామాల్లో తిరిగాడు. క్యాన్సర్ వస్తే దాని మీదే హాస్య కవిత రాశాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారమే భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. పోయాక కూడా పాఠం మానలేదు!

సిద్ధాంతం సరే, సాక్ష్యం? న్యూజిలాండ్ చెరువుల్లో వడ్లగింజంత నత్త. ఒకే చెరువులో మగతోడుతో కనేవీ ఉంటాయి, ఒంటరిగా కనేవీ ఉంటాయి. కర్టిస్ లైవ్లీ చెరువు చెరువూ తిరిగి గుల్లలు పగలగొట్టి మగ నత్తల్ని లెక్కపెట్టాడు, నత్తని గొడ్డుబోతుని చేసే పురుగుల్నీ లెక్కపెట్టాడు. 1987లో ఫలితం చెప్పాడు: పురుగు ఎక్కువున్న చోట మగవాళ్లూ ఎక్కువ! పురుగు తక్కువైతే ఒంటరి తల్లుల రాజ్యం. ఆ తర్వాత ఒక చెరువులో ఏళ్ల తరబడి వెంటబడి చూస్తే, మొదట్లో గుట్టలు గుట్టలుగా ఉన్న నకళ్లని పురుగు ఏరుకు తినేసింది. అదే నత్త అమెరికాకి వలస పోయింది. అక్కడ ఆ పురుగు లేదు. నకళ్లే, మగవాళ్ల ఊసు లేదు, కొన్ని వాగుల్లో చదరపు మీటరుకి లక్షల్లో! మగవాడి విలువ తెలియాలంటే జబ్బు చేయాలన్నమాట.

మెక్సికోలో ఒక మడుగు కథ ఇంకా రుచిగా ఉంటుంది. అందులో జంటకట్టే చేపలూ, నకళ్ల చేపలూ కలిసే ఉంటాయి. మామూలుగా మచ్చల పురుగు నకళ్లనే ఎక్కువ పడుతుంది. ఒకసారి కరువొచ్చి మడుగు ఎండింది. మళ్లీ నీళ్లొచ్చాక చేరిన కొద్దిపాటి జంట చేపలు తమలో తామే సంబంధాలు కలుపుకున్నాయి. అంతే, ఈసారి పురుగులు వాటికే ఎక్కువ! శాస్త్రవేత్తలు వేరే ఊరి ఆడచేపల్ని తెచ్చి వదిలితే రెండు మూడేళ్లలో ఆరోగ్యం మళ్లీ కుదుటపడింది. వరసగా మేనరికాలే చేసుకుంటూ పోతే ఏమవుతుందో చేపలు కూడా చెప్పేశాయి.

2011లో ఒక పందెం పెట్టారు. నూలుపోగంత లేని పురుగుల్లో కొన్నిటిని తమతో తామే కనేలా, కొన్నిటిని మగవాటితోనే కనేలా తయారుచేసి, తరం తరానికీ ముదిరే క్రిమిని మీదికి వదిలారు. తమతో తామే కన్నవి 20 తరాలు కూడా నిలవలేదు, అంతా తుడిచిపెట్టుకుపోయింది. మగతోడు ఉన్నవి హాయిగా బతికాయి. పెళ్లిళ్ల పేరయ్యలు ఈ వ్యాసాన్ని ఫ్రేము కట్టించుకోవచ్చు.

ఈ పురుగుల వాదనని భుజాన మోసిన మహానుభావుడు విలియం హామిల్టన్ ఎలా పోయాడో మీకు తెలుసా? కాంగో అడవులకి వెళ్లి మలేరియా తెచ్చుకున్నాడు, ఆ తర్వాతి చిక్కులతో 2000 మార్చిలో పోయాడు. పరాన్నజీవులకి పగ ఉంటుందా?

పెళ్లిచూపుల్లో ముక్కుకి కూడా పనుందని మీకు తెలుసా? 1995లో స్విట్జర్లండ్‌లో 44 మంది కుర్రాళ్లు రెండు రాత్రులు తొడుక్కున్న టీషర్టుల్ని 49 మంది అమ్మాయిలు వాసన చూశారు. తమ రోగనిరోధక జన్యువులకి భిన్నమైనవాడి చెమటే వాళ్లలో చాలామందికి నచ్చింది. తర్వాతి పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదనుకోండి. అయినా జాతకాలతో పాటు ఒక ఉతకని బనియను కూడా పంపిస్తే పోయేదేముంది?

ఇంకో వాదన కూడా ఉంది. ఆధార్ కార్డు జిరాక్స్‌కి జిరాక్స్ తీయించి చూశారా? నాలుగోసారికి మొహం బొగ్గు. నకళ్ల వంశంలో ప్రతి తప్పూ పేరుకుంటూనే పోతుంది, ముందుకే తప్ప వెనక్కి తిరగని పళ్లచక్రంలా. నోబెల్ బహుమతి గ్రహీత హెర్మన్ ముల్లర్ పేరుతో దీన్ని 'ముల్లర్ రాచెట్' అంటారు. ఇలాంటి వాదనలు ఇరవైకి పైగా ఉన్నాయి. బహుశా ఒక్కటి కాదు, రెండు మూడు కలిస్తేనే జవాబు. నాకైతే పురుగుదే పెద్ద వాటా అనిపిస్తుంది.

మందు వేస్తే జబ్బు పోతుంది. మందు వేస్తే మగవాడు పుట్టడం చూశారా? మన చెరకు, వరి రైతులు ట్రైకోగ్రామా కార్డులు ఎరుగుదురు. కాండం తొలిచే పురుగు గుడ్లలో గుడ్లు పెట్టే అరమిల్లీమీటరు కందిరీగ అది. దాని కొన్ని రకాల్లో అన్నీ ఆడవే. 1990లో వాటికి యాంటీబయాటిక్ తినిపిస్తే మగవాళ్లు ప్రత్యక్షం! ఒంట్లో దూరిన బ్యాక్టీరియా ఇన్నాళ్లూ మగ పుట్టుకనే ఆపేసింది. దానికి తల్లి నుంచి కూతురికే దారి ఉంది, కొడుకు పుడితే దానికి నష్టం.

1995 ప్రాంతంలో జర్మనీ అక్వేరియంలలో బయటపడ్డ చారల మంచినీటి రొయ్య లాంటి జీవి ఇంకా దూకుడు మీద ఉంది. ఒకే తల్లి, మిగతా అంతా నకళ్లు, ఐరోపా దాటి మడగాస్కర్ పొలాలదాకా లక్షలకి లక్షలు. దాని తాళంచెవి ఎవరికీ దొరకలేదు. ఇంకా.

మరి ఎప్పటికీ దొరకనివాళ్లు ఉన్నారా? ఉన్నారండీ, మీ డాబా మీద గొట్టం దగ్గరి నాచులోనే! బ్డెల్లాయిడ్ రోటిఫర్లు. కంటికి ఆనవు. 450కి పైగా జాతులు, కోట్ల ఏళ్ల వంశం, ఒక్క మగవాణ్ణి చూసిన మనిషి లేడు. ఒకట్రెండు జాతుల్లో జన్యువుల కలబోత ఆనవాళ్లు ఈమధ్య కనబడ్డాయి గానీ పెళ్లికొడుకు మాత్రం కనబడలేదు. మేనార్డ్ స్మిత్ వీటిని పరిణామ శాస్త్రానికే పెద్ద రచ్చ అన్నాడు.

మరి పురుగు వీటినెందుకు వదిలేసింది? వదల్లేదు, ఇవే పారిపోతాయి! ఎండకి మైదా పొడిలా ఎండిపోతాయి. పట్టిన బూజు ఆ ఎండకి చస్తుంది, ఇవి చావవు. గాలికెగిరి వేరే చోట పడి, చినుకు తగలగానే లేస్తాయి. దారిలో బ్యాక్టీరియా, బూజుల జన్యువుల్ని కూడా దొంగిలించి దాచుకుంటాయి, ఒక జాతి జన్యువుల్లో సుమారు 8 శాతం పరాయి సొమ్మే. మొగుడి బదులు దొంగతనం!

సైబీరియా మంచుమట్టిలో 24,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న ఒక రోటిఫర్‌ని ప్రయోగశాలలో కరిగించిన సంగతి 2021లో బయటికొచ్చింది. కదిలింది, ఒళ్లు విరుచుకుంది. అది నిద్రపోయేనాటికి వరి సాగు లేదు, చక్రం లేదు, ఊరన్నదే లేదు. అన్నేళ్ల తర్వాత లేచి ఏం చేసి ఉంటుందో చెప్పుకోండి చూద్దాం? తిండి తిని, మగడెక్కడని ఎవరినీ అడక్కుండా, కూతుళ్లని కనడం మొదలుపెట్టింది.